కాజాల మిషను కొన్నాక

సోమవారం

సోఫాకీ నాకూ పొడుగులో జానెడు తేడా. ఆ జానెడూ నా పాదాలే. రాత్రంతా అవి గాల్లోనే ఉన్నాయి. దీన్నే సెలవంటారట. ఇంట్లో ఎవరైనా నన్నిలా పడుకోబెట్టి ఉంటే పోట్లాట అయ్యేది. ఇక్కడ అద్దె కట్టి మరీ పడుకున్నాం కాబట్టి “ఆహా, ఏం గాలి” అనాలి. అన్నాను కూడా.

గదులు రెండు. సముద్రం కనబడే గది అమ్మాయికీ అల్లుడికీ. పెరటి వైపు గది మా ఆవిడకీ మనవరాలికీ. బుడంకాయ అమ్మమ్మ పక్కన తప్ప పడుకోదట, పుట్టినప్పటి నుంచీ అంతేనట. ముప్ఫై ఏళ్ళుగా నాదే అనుకున్న చోటు. బెత్తెడు మనిషి, నాలుగు పళ్ళు, రెండు మాటలు, అది వచ్చి పట్టేసింది. దావా వేద్దామంటే ప్రతివాదికి ఇంకా నడక రాలేదు.

ఈ డైరీ అమ్మాయి చేతిలో పెట్టింది. “నాన్నా, రోజూ ఏం చూశామో రాయి. తర్వాత అందరం చదువుకుందాం.” అందరూ చదువుకునేది వేరే కాగితాల మీద రాస్తా. అందులో సూర్యోదయాలుంటాయి. ఇది నాకు.

ఆదివారం పొద్దున్నే ఇల్లు ఖాళీ చెయ్యాలి. కారు వాళ్ళ ఊరికి, బస్సు మా ఊరికి. మా ఆవిడ ఏది ఎక్కుతుందో నేనడగలేదు. అడగడానికేముంది? కాన్పుకి సాయమని వెళ్ళింది, మూడు నెలలని చెప్పి. పిల్లకిప్పుడు మొదటి పుట్టినరోజు కూడా దాటింది. ఇంక వచ్చేస్తుంది. ఆవిడ సామాను చూశా, ఒక్కటే పెట్టె. ఒక్క పెట్టె అంటే వచ్చేసే మనిషనే కదా అర్థం.

మంగళవారం

సముద్రం దగ్గర దర్జీకి విలువ లేదు. ఎవరూ బట్టలేసుకోరు. వేసుకున్న ఆ కాస్తా రబ్బరులా సాగుతుంది, దానికి కొలతలెందుకు, అనుభవమెందుకు? అయినా అలవాటు చావదు. ఒకాయన పొట్ట చూసి నడుం కొలత మనసులో రాసుకున్నా. ఆయన నన్ను అనుమానంగా చూసి తువ్వాలు కప్పుకున్నాడు.

మావాళ్ళు నీళ్ళలోకి దిగారు. “మామయ్యగారూ, మీరూ రండి” అన్నాడు అల్లుడు. మర్యాదస్తుడు.

“చెప్పులెవరు చూస్తారు బాబూ?” అన్నా.

ఆ చెప్పులు ఎవరూ ఎత్తుకుపోరు. రెండు జతలు తెగడానికి సిద్ధంగా ఉన్నాయి. అయినా నాకంటూ ఒక ఉద్యోగం దొరికింది కదా అని కూర్చున్నా. మా ఆవిడ బుడంకాయ రెండు చేతులూ పట్టుకుని అలల అంచున నిలబెట్టింది. అల వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి కెవ్వుమంటున్నారు. ఆవిడ అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. కాదు, విన్నా. పెళ్ళైన కొత్తలో, షాపులో బల్లి మీద పడ్డప్పుడు.

ఒకసారి ఇటు తిరిగి చెయ్యూపింది. నేనూ ఊపా. నిలబడి మరీ ఊపా. ఆవిడ పిలిచింది నా వెనకాల ఉన్న ఐస్‌క్రీం బండిని.

బుధవారం

భోజనాల దగ్గర అమ్మాయి గొంతు సవరించుకుంది. అది గొంతు సవరించుకుందంటే ఏదో అడగబోతోందని అర్థం, చిన్నప్పటి నుంచీ అంతే.

“నాన్నా, వచ్చే నెల నుంచి నేను రోజూ ఆఫీసుకి పోవాలి. ఇంటి నుంచి చేస్తానంటే ఇంక ఒప్పుకోరట. అమ్మ ఇంకో రెండేళ్ళు మా దగ్గరే ఉంటే… అంటే, పాప బడికి పోయేదాకా. నీకేం ఇబ్బంది లేదు కదా?”

నా చేతిలో ముద్ద ఉంది. దాన్ని నోట్లో పెట్టుకుని నమలొచ్చు. నమిలేలోగా ఆలోచించుకోవచ్చు. కానీ నా నోరు నాకంటే ఎప్పుడూ రెండడుగులు ముందుంటుంది.

“నాకేం ఇబ్బంది! రాజులా ఉన్నా. వంట నేనే, వడ్డన నేనే, బాగుందని మెచ్చుకునేదీ నేనే. ఎదురు చెప్పేవాడు రాజ్యంలో ఒక్కడు లేడు” అన్నా.

అల్లుడు పొలమారేలా నవ్వాడు. అమ్మాయి, “హమ్మయ్య, నేనెంత భయపడ్డానో. పైగా అమ్మ చొక్కాలకి కుట్టే కాజాలకి ఇప్పుడు మిషను కూడా కొన్నావుగా” అంది.

“అదొచ్చాక మీ అమ్మకి పెన్షన్ ఇచ్చేశా” అన్నా.

మళ్ళీ నవ్వారు. బుడంకాయ కూడా చప్పట్లు కొట్టింది, దానికేం తెలుసు. మా ఆవిడ లేచి, పెరట్లో బట్టలు ఆరాయేమో చూసొస్తానని వెళ్ళింది. ఆరలేదు. నాకు తెలుసు. అవి అప్పుడే ఆరేసినవి.

గురువారం

ఎందుకన్నానో.

చేప బాగుంది. ఎందుకన్నానో.

పొద్దున టీ కొట్టావిడ అడిగింది. “ఒక్కరే వచ్చారా అన్నయ్యా?”

“లేదమ్మా, అయిదుగురం. అందులో ఒకావిడ నాలుగు కాళ్ళ మీద నడుస్తుంది.”

నవ్వింది. నవ్వాక కూడా వదల్లేదు. “మరి రోజూ ఒక్కరే కనబడతారు?”

“వాళ్ళింకా లేవరు.”

“సాయంత్రం కూడానా?”

“టీలో అల్లం బాగా పడింది” అన్నా.

శుక్రవారం

అమ్మాయీ అల్లుడూ బజారుకి వెళ్ళారు. బుడంకాయ నిద్రపోయింది. వచ్చినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే మిగలడం ఇదే మొదటిసారి. నేను వరండాలో కూర్చుని పేపరు పట్టుకున్నా. మొన్నటి పేపరు.

మా ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది. “బొత్తాం వేలాడుతోంది. విప్పండి.”

చొక్కా విప్పి ఇచ్చి బనీనుతో కూర్చున్నా. ఊళ్ళో అందరి బొత్తాలూ చూసేవాణ్ణి, నాది చూసుకోలేదు. ఆవిడ మెట్టు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. మూడోసారికి ఎక్కింది. నేను పేపరు చూస్తున్నా. బొత్తాం కుట్టడం అయ్యాక అది దూరే కాజాని గోరుతో తడిమింది.

“ఇది మిషను కుట్టిందేనా?”

“ఊఁ.”

“బాగా కుడుతోందే. అన్నీ ఒకటే కొలత. నా చేతివి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి.”

నీ చేతి కాజా ఒక్కటైనా పోగులూడిందా, చొక్కా చిరిగిపోయినా కాజా మాత్రం అలాగే ఉండేది, అని అనాల్సింది. ఇప్పుడు తోస్తోంది. అప్పుడు నేనన్నది: “ఒకటే తేడా. దానికి కోపం రాదు.”

పెదవులతో నవ్వింది. పంటితో దారం తెంపింది. “ఇంక షాపులో నాకేం పని.”

“ఏం లేదు. మహారాణిలా కూర్చోవడమే.”

“కూర్చోడానికైతే అక్కడే నయం. ఒళ్ళో పిల్లైనా ఉంటుంది” అంది. చొక్కా నా మోకాళ్ళ మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

నేను చొక్కా వేసుకున్నా. బొత్తాలు పెట్టుకున్నా. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టుకున్నా.

ఆ మిషను నేనెందుకు కొన్నానంటే. ఇది ఎవరికీ చెప్పలేదు, అందుకని రాస్తున్నా. కత్తిరించడం, కుట్టడం నాది, కాజాలూ బొత్తాలూ ఆవిడవి. పెళ్ళైన నెల నుంచీ అంతే. అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి ముందు కొన్నాళ్ళుగా, సాయంత్రమైతే ఆవిడ సూది పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళేది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కన్ను చికిలించి, దారం తడుపుకుని, మళ్ళీ తడుపుకుని. అడిగితే “దారం మంచిది కాదు” అనేది. ఒకరోజు పెళ్ళికొడుకు తెల్ల చొక్కా మీద చిన్న నెత్తుటి చుక్క కనబడింది. నేను చూడకముందే ఉతికేద్దామని దాన్ని గబగబా బకెట్లో వేసింది. నేను చూశా. చూడనట్టు ఊరుకున్నా. ఆవిడ లేనప్పుడు మిషను తెచ్చి పెడితే, తిరిగొచ్చి చూసి సంతోషిస్తుందనుకున్నా. ఇంక కళ్ళు పొడుచుకోనక్కర్లేదని.

ఇదంతా ఫోన్లో చెప్పాలి కదా. నేను చెప్పింది: “కాజాల మిషను వచ్చేసిందే! ఇంక నీతో పని లేదు, హాయిగా ఉండు!”

అటు నుంచి మాట రాలేదు. సిగ్నల్ లేదనుకున్నా.

షాపులో ఆవిడ ఎత్తుపీట అలాగే ఉంది. కస్టమర్లు దాని మీద సంచులు పెట్టబోతారు. “కాలు విరిగింది, జాగ్రత్త” అంటా. విరగలేదు.

శనివారం

పొద్దున్నే అనుకున్నా, ఇవాళ చెప్పెయ్యాలని. అందరూ ఉన్నప్పుడే చెప్పాలి, విడిగా అయితే నేను ధైర్యం చెయ్యను. రొట్టెముక్కలు కాల్చిన వాసన, అమ్మాయి పిల్లకి గుడ్డు తినిపిస్తోంది, అల్లుడు ఫోను చూస్తున్నాడు, మా ఆవిడ టీ పోస్తోంది.

“నాకు ఇంట్లో ఏం బాగాలేదు” అన్నా.

అందరూ తలెత్తారు. నేను మొహం మామూలుగానే పెట్టా. అదే తప్పయింది. ముప్ఫై ఏళ్ళుగా నేను జోకు వేసే ముందు పెట్టేది ఆ మొహమే.

“చూడు చూడు, మామయ్యగారు మొదలెట్టారు” అన్నాడు అల్లుడు. ఫోను పక్కన పెట్టేశాడు కూడా పాపం. అమ్మాయి చెంచా గాల్లో ఆపి పెదవి బిగించుకుంది, నవ్వుకి చోటు చేసుకుంటూ. వాళ్ళు అలా ఎదురుచూస్తుంటే ఏం చెయ్యను? బండి అప్పటికే వాలులో పడింది.

“బాగాలేదంటే, నేను వండింది నాకే సహించడం లేదు. నిన్న మొన్నటి దాకా వంటవాడి మీద కంప్లైంట్ ఇద్దామనుకున్నా, తీరా చూస్తే వాడూ నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం.”

అల్లుడు బల్ల చరిచాడు. అమ్మాయి, “నాన్నా, నువ్వుంటే మాకు సినిమా అక్కర్లేదు” అంది.

మా ఆవిడ నా కప్పులో టీ నింపుతూనే ఉంది. సాసరులోకి పొంగాక ఆపింది.

అదే రోజు, సాయంత్రం

పెరట్లో కుళాయి దగ్గర ఆవిడ దుప్పట్లు ఉతుకుతోంది. వెళ్ళేముందు ఇసుక వదలాలని. నేను వెళ్ళి పక్కన నిలబడ్డా. “ఆ కొస పట్టుకోండి” అంది. పట్టుకున్నా. ఇద్దరం చెరో వైపూ మెలితిప్పాం. నీళ్ళు మధ్యలోంచి కారాయి.

“పొద్దున ఏదో అనబోయి ఇంకోటన్నారు” అంది.

“అందరూ నవ్వారుగా.”

“నేను నవ్వలేదు.”

దుప్పటి చేతిలో ఉంటే ఒక సుఖం, మొహం దాని వంక పెట్టుకోవచ్చు. చెప్పా. మిషను నీ కళ్ళ కోసం కొన్నానే, ఆ నెత్తుటి చుక్క చూశాక కొన్నాను, అని. నీతో పని లేదన్నది పని గురించి, నీ గురించి కాదు, అని. సాయంత్రం లైటు వేశాక షాపులో ఎవరితో మాట్లాడాలో తెలీక, చొక్కాలు తొడిగే చేతుల్లేని బొమ్మ ఉందే, దానితో మాట్లాడుతున్నాను, అది కూడా ఈ మధ్య మొహం తిప్పుకుంటోంది, అని. చివర్లో మళ్ళీ జోకొచ్చేసింది. నాకే తెలిసింది.

ఆవిడ మెలి తిప్పడం ఆపింది.

“అక్కడ నేనెవరితో మాట్లాడుతున్నాననుకున్నారు?” అంది. “పొద్దున అల్లుడు ఆఫీసుకీ, అమ్మాయి పనని తలుపేసుకుని గదిలోకీ పోతే మళ్ళీ చీకటి పడ్డాకే. వచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది, పలకరిస్తే పాపం అనిపిస్తుంది. పిల్లకేమో రెండే మాటలు. ఆ రెండింటితోనే రోజంతా నెట్టుకు రావాలి. అంత ఎత్తు ఫ్లాట్‌లోంచి కిందికి చూస్తే మనుషులు చీమల్లా ఉంటారు, ఎవరి చొక్కా ఎవరు కుట్టారో కూడా తెలీదు. మీరు ఫోను చేస్తారు, ఒక జోకేస్తారు, నేను నవ్వేలోగా పెట్టేస్తారు.”

“మరి చెప్పలేదేం?”

“రాజుగారిని ఇబ్బంది పెట్టడం దేనికని.”

వేసింది. సరిగ్గా తగిలే చోట వేసింది. నా దగ్గరే నేర్చుకుంది మరి.

“అయితే రేపు నాతో బస్సెక్కుతావా?” అన్నా. ఎట్టకేలకు. దుప్పటి వంక చూస్తూనే.

“పిల్లనేం చెయ్యమంటారు? దీన్లా పిండి ఆరేసి రమ్మంటారా?” అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులు తడి, అందుకని మోచేత్తో తుడుచుకుంది. “అమ్మాయితో మాట్లాడాలి. ఉండండి.”

ఉన్నా. ఉండడం తప్ప ఏం చేశా ఇన్నాళ్ళూ. రెండో దుప్పటి కూడా పిండాం. దానికి ఇద్దరం అక్కర్లేదు, చిన్నది.

ఆదివారం

పొద్దున్నే పెరటి గదిలో తలుపేసుకుని తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. నేను హాల్లో సోఫా మీద దుప్పటి మడత పెడుతూ ఉన్నా. దుప్పటి అన్నిసార్లు మడత పెట్టినవాడు లోకంలో ఉండడు. అమ్మాయి గొంతు ఒకసారి పెద్దదైంది, “మరి నాకెందుకు చెప్పలేదు ఇద్దరూ!” అని. తర్వాత ఏం వినబడలేదు.

బయటికొచ్చి నా పక్కన కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది.

“ఇబ్బంది లేదన్నావు నాన్నా.”

“అన్నాను.”

“నేను నమ్మేశా.”

“నీ తప్పు కాదమ్మా. బాగా కుట్టానన్నమాట.”

“ఇప్పుడు కూడానా నాన్నా!” అని భుజం మీద గట్టిగా కొట్టి, అదే భుజం మీద తల పెట్టింది. “పాపని చూసే మనిషి కోసం వెతుకుతా. నమ్మకంగా ఎవరైనా దొరికేదాకానే అమ్మ. రెండేళ్ళు కాదు. నిజంగా వెతుకుతా.”

“వెతుకు” అన్నా. మూడు నెలలని కూడా అప్పుడు నిజంగానే అన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పసిపిల్ల ఉన్న ఇంట్లో రోజులకి కొలతలుండవు, టేపు పట్టుకుని నిలబడ్డవాడిదే తప్పు.

ఆవిడ పెట్టె నేనే ఎత్తి కార్లో పెట్టా. ఒక్క పెట్టే. బరువుంది.

“మామయ్యగారూ, మిమ్మల్ని బస్టాండు దాకా దింపుతా” అన్నాడు అల్లుడు. ఇవాళ నా వంక నవ్వకుండా చూస్తున్నాడు, నాకు చాలా కొత్తగా ఉంది. బస్సు ఈ వీధి చివరే ఆగుతుంది బాబూ, మీరు ఎండెక్కకుండా బయల్దేరండి, అన్నా.

అతను వెనక సీట్లో పిల్ల కుర్చీ బిగిస్తుంటే మా ఆవిడ వరండాలోకి వచ్చింది.

“ఆదివారం షాపు మూతే కదా?”

“ఊఁ.”

“ఏం చేస్తారు?”

“ఆదివారాలు చాలా బిజీగా…” అని మొదలెట్టి, ఆవిడ మొహం చూసి ఆపేశా. “ఏం చెయ్యను. పడుకుని ఉంటా.”

“అయితే రండి. వచ్చే ఆదివారం బస్సెక్కి మా దగ్గరికి రండి. వచ్చి అడగండి.”

“ఏమని?”

“ఇంటికి వస్తావా అని. నవ్వకుండా.”

“అడిగితే వచ్చేస్తావా?”

“తెలీదు. మనిషి దొరికితే వస్తా. దొరక్కపోతే, రాలేనని చెప్తా. అప్పుడు ఆ పై ఆదివారం మళ్ళీ వచ్చి అడగండి.” కొంగలా మెడ చాచి కారు వైపు చూసింది, పిల్ల ఏడుస్తోందేమోనని. ఏడవడం లేదు. “ఇన్నాళ్ళలో ఒక్కసారైనా అడిగారా మీరు? ఒక్కసారైనా ఆ ఊరు ఎలా ఉందో చూద్దామని వచ్చారా? షాపు షాపు అంటారు. రమ్మనే మాట వింటే, ఉండడమైనా తేలిగ్గా ఉండేది.”

అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. ఆవిడే వస్తుందనుకుంటూ కూర్చున్నా, ఆవిడ నేనే పిలుస్తాననుకుంటూ కూర్చుంది. మధ్యలో నేను జోకులు.

ఇంకా ఏవో సర్దుతున్నారు. పాలసీసా కనబడటం లేదట. నేను మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నా. అడగాల్సింది ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. లేకపోతే అక్కడ గుమ్మంలో నిలబడగానే నోరు దాని దారిన అది పోతుంది. అల్లుడున్నా సరే, ఎవరున్నా సరే, చెప్పులు విప్పకముందే చెప్పెయ్యాలి. ఏమే, నేను రాజులా లేను. పొద్దున లేచి రెండు కప్పులు దింపి, ఒకటి మళ్ళీ పైన పెడుతున్నా. కాజాలు మిషను కుడుతుంది, అది కుట్టేది అవే. నువ్వు అక్కడుండడం తప్పని నేననడం లేదు, పిల్ల పిల్లే. కానీ నువ్వు లేకపోతే

పిలుస్తోంది. సీసా దొరికిందట, కారు తీస్తున్నారట, “ఏమండీ, రండి!” అంటోంది. ఆఁ ఆఁ, వస్తున్నానే, ఈ ఒక్క ముక్కా రాసి వస్తా. నువ్వు లేకపోతే ఆ ఇంట్లో నాకు